హంద్రీ ఒడ్డు: బస్తాలు లెక్కపెట్టడం మానేశాక జరిగిన పని

కర్నూలులో హంద్రీ నది ఒడ్డున, ఒక కాలనీ వెనకాల, పొడవాటి ముక్క నేల ఉంది. రికార్డుల్లో నదీ పోరంబోకు. పైన ఇళ్ల వెనక గోడలు, కింద ఇసుక, గుర్రపుడెక్క, మధ్యలో ఏటవాలు గట్టు. పాత కానుగ చెట్లు కొన్ని, ఒక పెద్ద వేప, మిగతాదంతా కంప. మా డిగ్రీ కాలేజీ ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) పిల్లలు ఈ ముక్కను శుభ్రం చేయడానికి పూనుకున్నారు. పని మూడో ఏడాదిలో పడింది. నేను ప్రోగ్రాం ఆఫీసర్‌ని, వృక్షశాస్త్రం చెబుతాను. ఏ ఆదివారం ఏం చేయాలో నిర్ణయించింది వాళ్లు. కాగితాల మీద సంతకాలు, ఎవరికైనా పాము కరుస్తుందేమోనన్న టెన్షన్ నా వంతు.

శ్రమదానం రిపోర్టులన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి: ఎంతమంది వచ్చారు, ఎన్ని బస్తాలు తీశారు, బ్యానర్ పట్టుకున్న ఫోటో. ఈ రాతలో బస్తాల సంఖ్య ఎక్కడా లేదు. ఒక చోట ఎక్కువ బస్తాలు వచ్చాయంటే అక్కడ ఎక్కువ పారబోస్తున్నారని మాత్రమే తెలుస్తుంది. వచ్చే ఏడాదీ అన్నే వస్తే మనం చేసింది కార్పొరేషన్ వాళ్ల ఒక పూట పని, అంతకు మించి ఏమీ కాదు. ఈ కేసులో ఉపయోగపడే సంగతులన్నీ చెత్త ఎత్తడం ఆపిన రోజుల్లోనే తెలిశాయి.

చోటు

హంద్రీ వానమీద ఆధారపడ్డ నది. ఎగువన గాజులదిన్నె దగ్గర ప్రాజెక్టు కట్టారు. ఊరిని చుట్టుకుని వచ్చి ఇక్కడే తుంగభద్రలో కలుస్తుంది. పాత కర్నూలు ఈ రెండు నదుల మధ్యనే ఉంది. వానాకాలంలో కొన్నాళ్లు ఎర్రనీళ్లు వస్తాయి, మిగతా కాలమంతా పారేది ఊరి మురుగే. 1860ల్లో తవ్విన కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) ఇదే ఊళ్లో అక్విడక్టు, అంటే కాలువను మోసే వంతెన, మీదుగా హంద్రీని దాటుతుంది. పైన పారే నీళ్ల కోసం రైతులు ధర్నాలు చేస్తారు, కింద పారేవి ఎవరికీ పట్టవు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊరు మునిగింది. ఆ రోజు ఏ మేడ మీద తలదాచుకున్నారో అప్పటివాళ్లు ఇప్పటికీ ఇల్లు చూపించి చెబుతారు. ఆ తర్వాత ఒడ్డు మీద భయం మిగిలింది గానీ ఆసక్తి మిగల్లేదు. మేం తీసుకున్న ముక్క వైపు ఒక్క ఇంటికైనా ముంగిలి లేదు. అన్నీ పెరటి గోడలే. ఎవరి కళ్లూ పడని చోటు చెత్తకుప్ప కావడం మామూలే.

మొదటి ఆదివారాలు

మొదటి ఆదివారం పిల్లలు బాగా వచ్చారు. ఎన్ఎస్ఎస్‌లో చేరినవాళ్లు రెండేళ్లలో 240 గంటల సేవ చూపించాలి, కాబట్టి హాజరుకు లోటుండదు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించారు. క్యారీ కవర్లు, క్వార్టర్ సీసాలు, పాత చెప్పులు, పిల్లల డైపర్లు, పెళ్లి భోజనాల ప్లేట్లు గోతాల్లో నింపి మూతులు కట్టి వరసగా పేర్చారు. మాట్లాడుకున్న ట్రాక్టరు రాలేదు. సాయంత్రం వస్తానన్నాడు, మర్నాడు వస్తానన్నాడు. ఈలోగా కుక్కలు గోతాలు చించి, లోపల ఉన్నది గట్టు పొడవునా పరిచేశాయి.

కాలనీ పెద్దాయన ఒకరు గోడ మీంచి చూసి అన్న మాట పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు: "ఏం సార్, అంతా ఒక్క తాన పడుండె. మీరొచ్చి ఊరంతా పరిచిపోతిరి."

అప్పుడే పిల్లలు ఒక నియమం పెట్టుకున్నారు. ట్రాక్టరు వచ్చి గట్టు మీద నిలబడేదాకా ఒక్క గోతాం కూడా విప్పకూడదు. డ్రైవరు ముందు రాత్రి ఫోన్ ఎత్తకపోతే ఆ ఆదివారం చెత్త పని లేదు, మొక్కల పని చేసుకోవాలి. ఎవరైనా మా దగ్గరికి సలహా కోసం వస్తే ముందు ఇదే చెబుతాను. చేతులు ఎప్పుడూ దొరుకుతాయి. ఎత్తిన దాన్ని ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడ దించుతారు అన్నది తేలకుండా చేతులు కదపడం దండగ.

తర్వాతి ఆదివారాల్లో పని సాఫీగా సాగింది. చోటు శుభ్రమయ్యేది, పది రోజుల్లో మళ్లీ నిండేది. జనం రావడం పలచబడింది. ఫైనలియర్ బీఎస్సీ అమ్మాయి ఒకతె మీటింగులో లేచి, "సార్, మనం వాళ్లకి చోటు ఖాళీ చేసిస్తున్నాం, అంతే" అంది. ఒక నెల ఏమీ ఎత్తొద్దు, ఊరికే చూద్దాం అంది. మగపిల్లల్లో సగం మందికి అది నచ్చలేదు. చేతిలో పార లేకుండా సేవ ఏంటని వాదించారు. చివరికి ఆమె మాటే నెగ్గింది.

నోటుబుక్కు

ఇద్దరిద్దరుగా పంచుకున్నారు. తెల్లవారుజామున, సాయంత్రం అమ్మాయిలూ అబ్బాయిలూ, రాత్రి పూట ఆ కాలనీలోనే ఇళ్లున్న అబ్బాయిలు మాత్రమే. రెండు వందల పేజీల నోటుబుక్కులో టైము, ఏం పారేశారు, దేని మీద తెచ్చారు రాయాలి. పేర్లు రాయకూడదు, ఫోన్లో వీడియో తీయకూడదు. రెండో నియమం నేను పట్టుబట్టి పెట్టించాను. వీడియో తీసి వాట్సాప్‌లో పెడితే ఆ పూటకు గొడవవుతుంది, మర్నాటి నుంచి ఆ వీధిలో మనతో మాట్లాడేవాళ్లుండరు.

పేజీలు నిండేకొద్దీ మేం "కాలనీ వాళ్లు పారేస్తున్నారు" అని ఒక్క మాటలో అనుకునేది ముక్కలైపోయింది. పొద్దున అయిదున్నర, ఆరు మధ్య చిన్న చిన్న కవర్లు. ఆదివారం, బుధవారం రాత్రి తొమ్మిది దాటాక బరువైన బస్తాలు. ఏ రోజని లేకుండా అర్ధరాత్రి ఆటో ట్రాలీలో ఇటుక ముక్కలు, పాత టైల్సు. ఇవి కాక, ఎవరూ రాకపోయినా పెద్ద కాలువ నోటి దగ్గర పేరుకునేది. నాలుగు రకాల చెత్త, నాలుగు వేర్వేరు దారుల్లో. అందరికీ ఒకే బోర్డు, "ఇచ్చట చెత్త వేయరాదు, వేసినచో జరిమానా". ఆ బోర్డు అక్కడ ఎప్పటి నుంచో ఉంది, దాని కాళ్ల దగ్గరే అన్నిటికంటే పెద్ద కుప్ప ఉండేది.

పొద్దుటి కవర్లు ఒక సందులోవి. ఆ సందులో ఆడవాళ్లు చాలామంది మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డలు గ్రేడింగు చేసే పనికి పోతారు. చెత్త బండి సందు మూల దాకానే వస్తుంది, లోపలికి పట్టదు. అదీ ఎనిమిది దాటాక. ఒకామెను మా పిల్లలు అడిగితే ఆమె ఏం దాచలేదు: "మేం ఆరుకే పోతాం నాయనా. మీ బండి ఎనిమిదికొచ్చి ఈల ఊదితే ఎవరికినపడాల? రాత్రి మిగిలిన అన్నం ఇంట్లో పెట్టుకుంటే సాయంత్రానికి పురుగులు. మీ ఇంట్లో పెట్టుకుంటారా?" ఇంటికింత అని చెత్త పన్ను వసూలు చేసిన రోజుల్లో బండికి చెత్త ఇవ్వడమే మానేసిన ఇళ్లూ ఉన్నాయి. 2024 చివర్లో ఆ పన్ను రద్దయింది, ఆ అలవాటు మాత్రం పోలేదు.

దీనికి మందు అవగాహన ర్యాలీ కాదని పిల్లలకు అర్థమైంది. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ దగ్గరికి నోటుబుక్కు పట్టుకుని వెళ్లారు. బండి రూటు చివరి నుంచి మొదలుపెట్టి ఈ సందు మూలకు ముందు రావాలని అడిగారు. ఆయన కంటే ముందు బండి నడిపే పారిశుద్ధ్య కార్మికురాలు ఒప్పుకుంది. ఆమెకూ ఆ వైపు నుంచి మొదలుపెడితే ఎండలో నడక తగ్గుతుందట. బండి ఆరు లోపే వస్తోంది. నా అంచనాలో మొత్తం పనిలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ ఒక్క మార్పే. దీనికి చేతి తొడుగు కూడా అక్కర్లేకపోయింది.

బరువైన బస్తాలు కోళ్ల దుకాణాలవి. ఈకలు, పేగులు, తలకాయలు. దుకాణదారుల్లో ఒక భాయ్ మా పిల్లలకు టీ తాగించి మరీ కోప్పడ్డాడు. బస్తాకింత అని ఒక కుర్రాడికి డబ్బులిస్తున్నాననీ, వాడు ఊరి బయట పారేస్తున్నాడనే అనుకున్నాననీ అన్నాడు. ఆ కుర్రాడు పెట్రోలు మిగుల్చుకోవడానికి హంద్రీ దాకా వచ్చి ఆగేవాడు. పక్కపక్క దుకాణాల వాళ్లు కలిసి మూత ఉన్న డ్రమ్ములు పెట్టుకుని, ఒక బండి మాట్లాడుకున్నారు. డంప్ యార్డులో దించినట్టు చీటీ చూపిస్తేనే డబ్బులు. చేపల చెరువుల వాళ్లు కొంటామని వస్తే ఇవ్వొద్దని కూడా చెప్పాం. కోడి వ్యర్థాలు చేపలకు మేతగా వేయడం నిషిద్ధం, అయినా ఆ వ్యాపారం చాటుగా నడుస్తూనే ఉంటుంది. ఒక దుకాణం ఈ ఏర్పాటులో ఇప్పటికీ చేరలేదు.

ఇటుక ముక్కల ఆటోలతో మాటలు కుదరవు, అర్ధరాత్రి ఎవరు నిలబడి మాట్లాడతారు? అక్కడ దారి మూయాల్సిందే. ఆ శిథిలాల్లోనే విరిగిన నాపబండలు బోలెడున్నాయి. బేతంచెర్ల వైపు నుంచి వచ్చే ఈ బండల్నే మా దగ్గర ప్రతి ఇంటి నేలకూ పరుస్తారు, ఇల్లు పడగొట్టినప్పుడు ఇలా తేలుతాయి. పొడవైన వాటిని ఏరి, గడ్డపారతో గుంటలు తీసి, గట్టు మీదికి బండి ఎక్కే చోట నిలువుగా పాతారు. పాతిన మర్నాడే గేదెలాయన వచ్చాడు. సందు ఎంత పెట్టాలో పిల్లలు ఆటో వెడల్పు కొలిచారే గానీ, చూడి గేదె పొట్ట కొలవలేదు. ఆయన గేదెనే తోలుకొచ్చి మధ్యలో నిలబెట్టి, బండ ఎంత జరపాలో చూపించాడు. రెండు బండలు పీకి మళ్లీ పాతారు. ఇప్పుడు గేదె దూరుతుంది, ఆటో దూరదు. ఆ గేదెలాయనే మాకు కావలి. రాత్రి ఏదైనా బండి వచ్చి ఆగితే ఆయన కేకే ముందు వినిపిస్తుంది.

కంప కొట్టాలా వద్దా

చెత్త తగ్గాక అందరి కన్నూ కంపచెట్ల మీద పడింది. ఒక దాత జేసీబీ పంపిస్తానన్నాడు, ఒక్క పూటలో మైదానం చేసిస్తానన్నాడు. పిల్లల్లో ఉత్సాహం. నేను, వృక్షశాస్త్రం చదివే ఇద్దరు ముగ్గురు వద్దన్నాం.

ఈ కంప, అంటే సర్కారు తుమ్మ, మనది కాదు, నిజమే. అమెరికా ఖండాల వైపు నుంచి 1870ల్లో తెప్పించి మన కడప జిల్లా కమలాపురంలో వేశారు. సీమ అంతా అల్లుకుంది. కింద ఇంకో మొక్కను సరిగా లేవనివ్వదు. కానీ ఏటవాలు గట్టు మీద మట్టిని పట్టుకుని ఉన్నవి దాని వేళ్లే. వానకు ముందు జేసీబీతో పెళ్లగిస్తే మొదటి వరదకే గట్టు, దాంతోపాటు పైనున్న పెరటి గోడలు జారతాయి. పైగా నేల మట్టానికి నరికితే అది చావదు, మోడు నుంచి ఒకటికి పది కొమ్మలు లేస్తాయి. నేల కింద దాదాపు అడుగు లోతు దాకా తవ్వి మొదలు తీస్తేనే పోతుంది.

ఇంకో కారణం పిల్లల్నే చూడమన్నాను. నీటి మీదికి వంగిన ఒక తుమ్మకు గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. కొన్ని పూర్తయినవి, కొన్ని సగంలో, హెల్మెట్టులా, కింది గొట్టం ఇంకా అల్లనివి. మగపిట్ట పచ్చి గడ్డిపోచ తెచ్చి ముక్కుతో ముడి వేసి లాగి చూసుకోవడం, ఆడపిట్ట వచ్చి లోపల తిరిగి చూసి నచ్చక వెళ్లిపోవడం, ఇదంతా పది అడుగుల దూరంలో. కింద నీళ్లు, చుట్టూ ముళ్లు, పాము ఎక్కడం కష్టం. గిజిగాడికి అది విదేశీ చెట్టని పట్టింపు లేదు. నరకాలని కొడవలి తెచ్చిన కుర్రాడే ఆ చెట్టుకు ఎర్ర గుడ్డ కట్టి "దీన్ని ముట్టుకోవద్దు" అని రాసిపెట్టాడు.

చివరికి పైన చదునుగా ఉన్న భాగంలోని కంపను మాత్రమే తీశారు. అదీ నవంబరు నుంచి జనవరి మధ్య, గూళ్ల కాలం దాటాక, కొంచెం కొంచెంగా. కొడవలితో కొట్టడం, పంగలకర్రతో లాగడం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు బాగా వచ్చు, టౌను పిల్లలు వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. కట్టెలు బొగ్గుల బట్టీ వాళ్లు తీసుకున్నారు. ఖాళీ అయిన చోట కానుగ, వావిలి పెట్టారు. రెండిటినీ మేకలు పెద్దగా ముట్టవు, రెండూ గట్టును పట్టుకుంటాయి. వావిలి కొమ్మ గుచ్చినా నాటుకుంటుంది. కార్పొరేషన్ నర్సరీలో ఉచితంగా ఇస్తామన్న పూల మొక్కలు పిల్లలు వద్దన్నారు. ఏప్రిల్ ఎండలో వాటికి నీళ్లు ఎవరు మోస్తారన్నది వాళ్ల ప్రశ్న.

వయ్యారిభామ (పార్థీనియం) కలుపును పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకాలి. పూత వచ్చాక పీకితే విత్తనం మనమే చల్లినట్టు. ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. ఒళ్లు దురద, ఆయాసం ఉన్న పిల్లల్ని ఈ పనికి పంపలేదు. గుర్రపుడెక్కను లాగి వరద అంచుకు పైన ఎండబెట్టారు. అందులో నూటికి తొంభై పైగా నీరే కాబట్టి, ట్రాక్టరు లోడనుకున్నది ఎండాక నాలుగు గంపలైంది. పచ్చిది మోయడానికి ట్రాక్టరు పెట్టుకోవడం డబ్బు దండగ.

గోతాంలో వేయలేనివి

వేప చెట్టు మొదట్లో దేవుడి పటాలుండేవి. అద్దం పగిలినవి, చెదలు పట్టినవి, పాత క్యాలెండర్లు. పండగకు ఇల్లు దులిపినప్పుడు ఇంట్లో ఉంచుకోలేక, చెత్తలో వేయలేక, నది ఒడ్డున చెట్టు కింద పెట్టి దండం పెట్టుకుని పోతారు. పిల్లలకు వాటి మీద చెయ్యి వేయడానికి మనసొప్పలేదు. కొందరైతే చెప్పులు విప్పి మరీ ఏరారు. దగ్గరి గుడి పూజారి సలహాతో పటాల్లోంచి అద్దం, చెక్క, మేకులు విడదీశారు. కాగితాన్ని ఆయనే తీసుకున్నారు. అలాగే ఉర్దూ, అరబ్బీ అక్షరాలున్న కాగితం ముక్కలు. గుంపులో ఉన్న ముస్లిం అబ్బాయి ఒకడు వాటిని విడిగా ఒక గుడ్డ సంచిలో వేసుకుంటుంటే మిగతావాళ్లు గమనించారు. ఆ తర్వాత ఎవరికి దొరికినా ఆ సంచిలోకే. మసీదు దగ్గర ఇలాంటి కాగితాల కోసం పెట్టె ఉంటుంది, అందులో వేసొచ్చేవాడు. ఏ మాన్యువల్‌లోనూ లేని ఈ వర్గీకరణ వల్లనే పాతబస్తీ పెద్దలు కొందరు మొదటిసారి మా దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

ఇంకో రకం సూదులు. ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు కవర్లో పెట్టి పడేస్తారు. పలుచటి గ్లవ్జు వీటికి ఆగవు. కవర్ని చేత్తో నొక్కి గోతాంలో కూరకూడదు, పట్టకారుతోనే తీయాలి. సూదులకు మూత బిగుసుకునే గట్టి డబ్బా వేరే ఉండాలి, నిండాక దాన్ని విడిగా అప్పగించాలి. ముందే టీటీ ఇంజెక్షను వేయించుకున్నవాళ్లనే ఈ పనిలో పెట్టాం. కంపలో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టడం, చీలమండ దాకా బూట్లు, పాము కనిపిస్తే చంపకుండా వెనక్కి రావడం, 108కి ఎవరు ఫోన్ చేయాలో ముందే అనుకోవడం. రక్తపింజరి ఒకసారి కనిపించింది, ఆ పూటకు పని ఆపేశారు.

ఖర్చు, కాగితాలు

నేల రెవెన్యూది, నది జలవనరుల శాఖది, చెత్త కార్పొరేషన్‌ది. చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. అందరికీ ఒకే ఉత్తరం, కింద నకలు వరస, ప్రతి ఆఫీసులో రశీదు ముద్ర. ఆ ముద్రలున్న కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒడ్డుకు తీసుకెళ్లేవాళ్లం. రెండుసార్లు అక్కరకొచ్చింది.

ఖర్చులో ట్రాక్టరు బాడుగదే ముఖ్యభాగం. పార, గడ్డపార, గంపలు ఇళ్ల నుంచి వచ్చాయి. పెట్ బాటిళ్లు, సీసాలు, ఇనుము పాత సామాను వాళ్లకు అమ్మితే టిఫిన్ ఖర్చు వెళ్లింది. మట్టి అంటిన కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషేలు ఎవరూ కొనరు. ఎండి శుభ్రంగా ఉంటే సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో కాల్చడానికి పనికొస్తాయి, మన చుట్టుపక్కల ఆ ఫ్యాక్టరీలకు కొదవ లేదు. హంద్రీ బురదలో నానినవాటిని కడిగి ఆరబెట్టేంత ఓపిక మాత్రం ఎవరికుంది? అవి డంప్ యార్డుకే పోయాయి. ఆ టిఫిన్ ఉగ్గాని, బజ్జీ. మొదటివారం పల్చటి కవర్లలో కట్టి పంపారు. ప్లాస్టిక్ ఏరడానికి వచ్చి కవర్లో ఉగ్గాని తినడమేంటని అమ్మాయిలే గొడవ చేసి, హాస్టల్ నుంచి స్టీలు ప్లేట్లు తెప్పించారు.

ఇప్పుడెలా ఉంది

సందు వైపు గట్టు బాగుంది. పొద్దున ముసలాళ్లు నడుస్తున్నారు, కానుగ నీడలో కూర్చుంటున్నారు. కోళ్ల బస్తాలు దాదాపు ఆగాయి, ఆ ఒక్క దుకాణం తప్ప. శిథిలాలు ఇక్కడ ఆగాయి, ఇంకొంచెం దిగువకు జరిగి ఉంటాయని నా అనుమానం. దాన్ని విజయంగా రాసుకోలేదు. నాటిన కానుగల్లో మొదటి వేసవికి చాలా పోయాయి. కాలనీ ఇళ్లకు ఒక్కో మొక్క అప్పగించాక పెట్టినవి నిలబడ్డాయి.

పెద్ద కాలువ నోటి దగ్గర మాత్రం మా వల్ల కాలేదు. ఊరి మురుగుతో పాటు కొట్టుకొచ్చే చెత్తను ఆపాలని ఇనుప వల కట్టారు. ఎండాకాలం అంతా పనిచేసింది, వారానికోసారి తీసి దులిపేవాళ్లు. మొదటి గట్టి వానకు చెత్త బరువుకు వంగి ఒక వైపు ఊడింది. వల గట్టిగా ఉంటే నీళ్లు వెనక్కి తన్ని కాలనీలోకి వస్తాయి, వదులుగా ఉంటే ఊడిపోతుంది. అది ఇంజనీర్లు పైనుంచి ఆలోచించాల్సిన పని, ఆదివారం పిల్లలది కాదు. నోటుబుక్కులో కాలువ పేజీలు విడిగా జెరాక్సు తీసి ఫోటోలతో సహా కార్పొరేషన్‌లో ఇచ్చాం.

నెల రోజులు చూద్దామన్న అమ్మాయి బ్యాచ్ వెళ్లిపోయింది. జూనియర్లకు ఆమె అప్పగించినవి రెండు: నోటుబుక్కు, ఫోన్ నంబర్ల కాగితం. అందులో బండి నడిపే ఆమె, ట్రాక్టరు డ్రైవరు, గేదెలాయన, భాయ్, పూజారి నంబర్లున్నాయి. శానిటేషన్ సెక్రటరీ బదిలీ అయ్యారు. కొత్తాయన బండి రూటు మార్చకముందే కలవాలని జూనియర్లు ఈ వారం టైము అడిగారు.